చివరి భూముల్లో డాల్ఫిన్

పర్చూరు దాటి తూర్పుగా పోతే సాగర్ కుడి కాలువ చివరి భూములు వస్తాయి. చివరి భూములంటే కాలువ ఉంటుంది, నీళ్ళు మాత్రం పైవాళ్ళు తాగి మిగిలిస్తే వస్తాయి. అక్కడ రోశయ్యకు నల్లరేగడి చేను ఉంది. చేలో మిరప ఉంది. మిరప కోసం నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి తవ్వించుకున్న నీటికుంట ఉంది. వీటన్నిటినీ మించి నోరు ఉంది. రోశయ్య గట్టు మీద నిలబడి భార్యను కేకేస్తే పక్క ఊరి ఆడవాళ్ళు కూడా తలెత్తి చూస్తారంటారు. కొంచెం పెంచి చెబుతారు గానీ మరీ అబద్ధం కాదు.

ఆ ఏడు మార్గశిరంలో తుఫాను వచ్చింది. సముద్రం పోటెత్తి రొంపేరు డ్రెయిన్లోకి ఎదురెక్కింది. కట్ట తెగి ఉప్పునీళ్ళు చేల మీద పడ్డాయి. పూతా పిందె మీదున్న రోశయ్య మిరప నిలువునా వాడిపోయింది. ఆ నేల మీద పుట్టినవాళ్ళకు ఉప్పంటే కూరలో వేసుకునే వస్తువు మాత్రమే కాదు. బోరు వేస్తుంటే ఉప్పు పడకూడదని కొబ్బరికాయ కొడతారు. నేల మీద తెల్లగా ఉప్పు పేరిందంటే ఆ చేనున్నవాడికి పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. రోశయ్య యాభై ఏళ్ళుగా పోరాడుతున్నది ఈ ఉప్పుతోనే.

వాన వెలిశాక రోశయ్య తెగిన కట్ట చూసుకోవడానికి వెళ్ళాడు. కల్వర్టు కింద మడుగులో ఏదో భుస్సుమని ఊపిరి వదిలింది. ఎవరిదో గేదె చిక్కుకుందనుకుని వంగి చూశాడు. గేదె కాదు. బూడిద రంగు వీపు, పొడుగు మూతి, ఆ మూతికి సరిగ్గా నవ్వు అతికించినట్టున్న నోరు. డాల్ఫిన్! ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల. పోటుతో పాటు ఎదురెక్కి వచ్చి, నీళ్ళు తీశాక వెనక్కి పోయే దారి లేక నిలిచిపోయింది. బురద నీళ్ళలో ఒక పక్కకు ఒరిగి ఆయాసపడుతోంది.

సముద్రం వైపు రోడ్డు రెండు చోట్ల తెగింది. ఫోన్లు మూగబోయాయి. రోశయ్య నలుగురు మనుషుల్ని పోగేశాడు. మిరపకాయల కళ్ళం మీద కప్పే పట్టా తెచ్చి, దాని కింద దూర్చి, పసిపిల్లను ఉయ్యాల్లో మోసినట్టు మోసుకొచ్చి ట్రాక్టరు ట్రక్కులో పడుకోబెట్టారు. తీసుకెళ్ళి కుంటలో దించారు. కుంట గట్టు ఎత్తు గనక ఉప్పు అందులోకి రాలేదు. కాలువ నీళ్ళూ వాన నీళ్ళూ కలిసి కొబ్బరినీళ్ళలా ఉన్నాయి. ఆ నీళ్ళతో చేను కడిగితే ఒక మూలైనా మిరప బతికేది. ఆ మాట ఎవరో అన్నారు కూడా.

"చేను పోతే వచ్చే ఏడు వేసుకుంటాం. ప్రాణం పోతే వచ్చే ఏడు వచ్చిద్దా?" అన్నాడు రోశయ్య.

ఇలాంటి మాట అన్నందుకు ఎవరికైనా అతని మీద గౌరవం కలగాలి. కలిగింది కూడా. ఊరు ఊరంతా కుంట చుట్టూ చేరింది. కొందరు గంగమ్మతల్లే వచ్చిందన్నారు. కొందరు పసుపు కుంకాలు తెచ్చారు, రోశయ్య కర్ర తీసుకుని వాటిని నీళ్ళలో పడనివ్వలేదు. కుర్రాళ్ళు సెల్లులో వీడియోలు తీసి, ఫోన్లు కలవగానే పంపడానికి దాచుకున్నారు. పంట పోయి గడప దాటడానికే మొహం చెల్లని మనిషి రెండు రోజుల్లో 'డాల్ఫిన్ రోశయ్య' అయిపోయాడు. దాన్ని 'అమ్మడూ' అని పిలిచేవాడు. కాలువ చేపలు తెచ్చి చేత్తో అందించేవాడు. అది మూతితో తాకి వదిలేసేది.

"కొత్త కదా, బెంగ పెట్టుకుంది. కొత్త గొడ్డు కూడా మేత ముట్టదు" అనేవాడు.

అతని భార్య చెంచమ్మ ఎక్కువ మాట్లాడదు. ఆ ఇంట్లో మాటల వాటా అంతా మొగుడే తీసుకున్నాడు. ఆమె మాత్రం రోజూ గట్టు మీద కూర్చుని చూసేది.

"ఏమయ్యా, కట్టేసిన గేదైనా మధ్యాహ్నానికి పడుకుని నెమరేస్తది. ఇది పడుకోదేం? తిరిగిన గుండ్రమే తిరుగుతుంది. చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి."

"నీళ్ళలోది నీళ్ళలో తిరగక మంచమెక్కుద్దా?" అని కసిరాడు గానీ, వారం తిరక్కుండానే రోశయ్యకూ భయం పట్టుకుంది. దాని వీపు మీద పాలిపోయిన మచ్చలు లేచాయి. చర్మం ఉబ్బి పొరలు పొరలుగా వస్తోంది. ఒళ్ళు ఎండుతోందేమోనని మోటరు పెట్టి ఇంకా మంచినీళ్ళు తోడించాడు. మచ్చలు పెరిగాయి.

ఫోన్లు కలిసిన రోజే మండలం పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరు భానుశ్రీ స్కూటరు మీద వచ్చింది. ముప్పై ఏళ్ళు లేని పిల్ల. వస్తూనే చెప్పేసింది.

"బాబాయ్ గారూ, నిజం చెప్తున్నా, మేం చదివింది గేదెలకూ మేకలకూ. దీని గురించి నాకు తెలిసింది తక్కువే. సముద్రం జంతువుల్ని చూసే మేడమ్ ఒకరున్నారు, ఆమెను ఫోన్లో ఉంచుకునే చూస్తాను."

ఫోనులో ఆవిడ ఏదో అడిగింది. భానుశ్రీ దోసిట్లోకి కుంట నీళ్ళు తీసుకుని నాలిక మీద వేసుకుంది. ఆమె మొహం మారింది.

"ఇవి మంచినీళ్ళా?"

"సాగర్ నీళ్ళమ్మా! చుక్క ఉప్పు లేదు. ఊళ్ళోవాళ్ళు తాగడానికి బిందెలతో పట్టుకుపోయే నీళ్ళు. ఆ ఉప్పులో ఎన్నాళ్ళు మండిందో పాపం, దీని ఒళ్ళు చల్లబడాలని రోజూ కొత్త నీళ్ళు పెడతన్నా" అన్నాడు రోశయ్య, మెచ్చుకుంటుందనే.

భానుశ్రీ దోసిట్లో మిగిలిన నీళ్ళు వదిలేసింది. తర్వాత మెల్లగా అంది. "బాబాయ్, దీనికి ఆ ఉప్పే కావాలి. మంచినీళ్ళు దీని చర్మాన్ని తినేస్తాయి."

రోశయ్య గట్టు మీద కూలబడ్డాడు. తన చేను ఎండబెట్టుకుని మరీ తెచ్చి పోసిన నీళ్ళు! ఊపిరి పోస్తున్నాననుకుంటూ రోజూ మోటరు వేసి దాన్ని కొంచెం కొంచెంగా చంపుతూ వచ్చాడు. చెంచమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ సమయంలో అనకపోవడమే గొప్ప సాయం.

భానుశ్రీ అక్కడి నుంచే అటవీశాఖ వాళ్ళకు చెప్పింది. సాయంత్రానికి వాళ్ళు వచ్చారు. ఈ ఒంటితో ఇప్పుడే సముద్రంలో వదిలితే అలలకు ఆగలేదని ఫోనులో మేడమ్ చెప్పింది. కొన్నాళ్ళు సముద్రం నీళ్ళలోనే ఉంచి బాగుచేయాలి. చీరాల అవతల ఒడ్డున రొయ్యపిల్లలు పెంచే హేచరీలు ఉన్నాయి. వాటిలో సుభానీ అనే ఆయన తన పెద్ద తొట్టి ఒకటి ఖాళీ చేసి ఇస్తానన్నాడు. తడి గోనెలు కప్పి, పరుపు మీద పడుకోబెట్టి వ్యానులో తీసుకెళ్ళారు. రోశయ్య దాని తల దగ్గర కూర్చుని దారి పొడుగునా నీళ్ళు చల్లుతూనే ఉన్నాడు. ఈసారి ఉప్పునీళ్ళు.

"నేను రాగూడదంటారేమో" అని బయల్దేరే ముందు చెంచమ్మతో అన్నాడు.

"పో. ఇక్కడుండి చచ్చిన మొక్కల్ని చూసుకుంటా ఏడవడం కంటే అది నయం" అంది ఆమె.

ఉప్పునీళ్ళు తగలగానే అమ్మడికి ప్రాణం లేచి వచ్చింది. మూడు నాలుగు వారాల్లో మచ్చలు మానాయి. కవళ్ళనే చిన్న సముద్రం చేపలు తెచ్చి చేత్తో అందిస్తే మొదట ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత బకెట్టంతా. రోశయ్య గొంతు వినపడితే చాలు తొట్టి ఈ చివరికి వచ్చి నోరు తెరిచేది. వేరే ఎవరిస్తే తినేది కాదు. సుభానీ నవ్వేవాడు. "రోశయ్యన్నా, మా హేచరీలో ఇన్ని లక్షల రొయ్యపిల్లలు ఉన్నాయి, ఒక్కటీ నా మొహం చూడదు. నీకిదేం యోగమో!" రోశయ్య పైకి నవ్వి ఊరుకునేవాడు. లోపల మాత్రం ఆ మాట మళ్ళీ మళ్ళీ అనిపించుకోవాలని ఉండేది.

సరిగ్గా ఆ సమయానికి ప్రేమ్‌చంద్ దిగాడు. ఒడ్డునే రిసార్టు ఉన్నవాడు. తెల్ల చొక్కా, నల్లద్దాలు, మాట మెత్తన. తొట్టి పక్కన చాలాసేపు నిలబడి అమ్మడు రోశయ్య చేతిలోంచి తినడం చూశాడు. తర్వాత రోశయ్యను పక్కకు పిలిచి కుర్చీ వేశాడు.

"రోశయ్య గారూ, దీన్ని సముద్రంలో వదిలేస్తారట. మీ మనసు ఒప్పుకుంటుందా?"

రోశయ్య తొట్టికేసి తిరిగి చూశాడు.

"నేను పెద్ద కొలను కట్టిస్తాను. మంచినీళ్ళు కాదండోయ్, సముద్రం నీళ్ళే. నీడ ఉంటుంది, డాక్టరు ఉంటాడు. బయటైతే వలలున్నాయి, పడవల ఫ్యాన్లున్నాయి, ప్లాస్టిక్కుంది. మీరే దాని దగ్గర ఉండండి. గది ఇస్తాను, జీతం ఇస్తాను, అమ్మగారిని కూడా తెచ్చుకోండి."

"మన దేశంలో వీటిని అట్టా పెట్టుకోనివ్వరని డాక్టరమ్మ చెప్పిందే?"

"ఆటలాడించడానికి పెట్టుకోనివ్వరు. వదిలితే బతకదని తేలితే మాత్రం ఎక్కడో ఒకచోట ఉంచాలిగా? ఆ తర్వాతి సంగతి నాకు వదిలేయండి. రేపు అటవీశాఖ ఆఫీసరు గారు వస్తున్నారు. దాని తిండి గురించి ఆయన అడిగేది మిమ్మల్నే. బతికున్న చేపను తనకు తాను పట్టుకోలేకపోతోంది, చేత్తో పెడితేనే తింటోంది అని ఒక్క మాట అనండి. చాలు."

ప్రేమ్‌చంద్ దుర్మార్గుడని చెప్పేస్తే కథకు సుఖమే. కానీ అతను చెప్పిన వలలూ అబద్ధం కాదు, ప్లాస్టిక్కూ అబద్ధం కాదు. పైగా రోశయ్యది గొడ్డూ గోదా పెంచిన వంశం. వాళ్ళింట్లో గొడ్డును కట్టేయడమంటే ప్రేమ. కట్టేసినదానికి మేత ఉంటుంది, కుడితి ఉంటుంది, పేరు పెట్టి పిలిచే మనిషి ఉంటాడు. వదిలేసిన గొడ్డంటే వీధిపాలైన గొడ్డు. అటువంటి మనిషికి 'వదలడం' అనే మాట చెవికి ఎలా వినపడుతుంది? తప్పు చేసింది నీళ్ళ విషయంలోనే గదా, ఆ తప్పు దిద్దుకున్నాను, ఇంక దానికి లోటేముంది అని తనకు తాను చెప్పుకున్నాడు.

లోటు ఒకటి కనపడుతూనే ఉంది గానీ అతను చూడదలచుకోలేదు. నిన్ననే సుభానీ తొట్టిలో బతికున్న చిన్న చేపల్ని వదిలాడు. అమ్మడు వాటి వెంటపడి ఒక్కొక్కటే పట్టి మింగింది. అప్పుడు తొట్టి దగ్గరున్నది రోశయ్య ఒక్కడే. సుభానీ వాటిని వదిలేసి మోటరు గదికి వెళ్ళిపోయాడు. అంటే రేపు ఆ మాట అనాలా వద్దా అనేది పూర్తిగా రోశయ్య నోట్లోనే ఉంది.

ఆ సాయంత్రం చెంచమ్మ బస్సు దిగి వచ్చింది. ఉతికిన బట్టలు, గోంగూర పచ్చడి, పెరుగన్నం తెచ్చింది. రోశయ్య తింటూ ప్రేమ్‌చంద్ చెప్పిందంతా చెప్పాడు. కొలను గురించి, గది గురించి కొంచెం ఎక్కువగా చెప్పాడు. ఆమె వింటూ తొట్టికేసి చూస్తోంది.

"ఇది ఆ మూలనే నిలబడిందేం?" అంది.

నిజమే. తిండి వేళ కానప్పుడు అమ్మడు తొట్టి అవతలి మూల ఉంటుంది. రోశయ్య దాన్ని పట్టించుకోలేదు, తను పిలిస్తే వస్తుంది కదా అని. మోటరు గదిలోంచి వస్తున్న సుభానీ జవాబు చెప్పాడు.

"అది సముద్రం నుంచి నీళ్ళొచ్చే పైపమ్మా. పొద్దునా సాయంత్రం మోటరు వేస్తాం. నీళ్ళొస్తున్నంతసేపూ మూతి పైపుకు ఆనించి ఏదో ఈల వేస్తది. మోటరు ఆపినాక కూడా అక్కడ్నుంచి కదలదు. మళ్ళీ ఎప్పుడొస్తాయా అని కాచుకోని ఉంటది."

సుభానీ మామూలుగా చెప్పి తన పని మీద వెళ్ళిపోయాడు. రోశయ్య చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

పైపు దగ్గర కాచుకోవడం అంటే ఏమిటో చివరి భూముల రైతుకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. వారబందీలో కాలువ నీళ్ళు తన వంతుకొచ్చే వేళకు తూము దగ్గర గొంతుకూర్చుని, గొట్టానికి చెవి ఆనించి, లోపల గాలి కదిలిందా, నీళ్ళ చప్పుడేనా, పైవాడు షట్టరు వదిలాడా అని వినడం. ఇంటి నుంచి అన్నం తెచ్చి పెడతారు. అన్నం తింటాడు. కడుపు నిండుతుంది. నిండిన కడుపుతో మళ్ళీ చెవి గొట్టానికే ఆనిస్తాడు. ఎవరైనా వచ్చి, 'రోశయ్యా, నీకేం తక్కువ, రోజూ ట్యాంకరుతో నీళ్ళు పంపుతాం, నీడన కూర్చో, ఆ తూము మాట మర్చిపో' అంటే వాణ్ణి ఏం తిట్టేవాడో అతనికి బాగా తెలుసు. తిట్లన్నీ నోటికి వచ్చాయి కూడా. తిట్టాల్సింది మాత్రం తననే.

"అన్నం చల్లారిపోతుంది" అంది చెంచమ్మ.

"చెంచమ్మా, అది నా కోసం రావడంలా. ఆకలేసి వస్తంది."

"ఆకలేసి వచ్చినా నీ దగ్గరికే గదా వచ్చింది. అది చాలు నీకు. ఇంకా ఏం కావాలి?"

రోశయ్య లేచి చెయ్యి కడుక్కుని అవతలి మూలకు నడిచాడు. పిలవలేదు. పైపు దగ్గర అమ్మడు నీళ్ళలో నిలువుగా తేలి ఉంది. మూతి ఇనుప గొట్టానికి ఆనించి, కళ్ళు సగం మూసుకుని, ఆగిపోయిన నీళ్ళ చప్పుడు కోసం వింటోంది. రోశయ్య కళ్ళ వెంట నీళ్ళు జారాయి. తుడుచుకోలేదు.

మర్నాడు ఆఫీసరు గారు వచ్చారు. భానుశ్రీ వచ్చింది. ప్రేమ్‌చంద్ అందరికీ కొబ్బరిబోండాలు తెప్పించాడు.

"ఏమండీ రోశయ్య గారూ, ఇంకా చేత్తోనే పెడుతున్నారా? బతికున్నవాటిని పట్టుకుంటోందా లేదా?" అని అడిగారు ఆఫీసరు.

ప్రేమ్‌చంద్ నల్లద్దాలు తీసి రోశయ్యకేసి చూశాడు.

రోశయ్య గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ గొంతు సవరించుకోవాల్సిన అవసరం పడని మనిషి.

"పడతందండి. మొన్న వదిలినవన్నీ పట్టి మింగింది. ఒక్కటి మిగల్చలా. దాన్ని ఇంకొక్క రోజు ఇక్కడ ఉంచినా అది మన పాపం కిందికే వచ్చిద్దండి."

ఆఫీసరు ఆ మాట మీదే వదిలేయలేదు. తన కళ్ళ ముందే ఇంకొన్ని చేపల్ని తొట్టిలో వేయించారు. అమ్మడు రోశయ్య మాట నిలబెట్టింది. ప్రేమ్‌చంద్ ఇంకా ఏదో మెత్తగా చెప్పబోయాడు. భానుశ్రీ అడ్డొచ్చింది. "ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఉంచుకోవడానికి కారణం వెతక్కూడదండీ." ప్రేమ్‌చంద్ బోండాల ఆటోతో పాటు తనూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే పడవలో తీసుకెళ్ళారు. అలలు దాటి, నీళ్ళు పచ్చదనం పోయి నీలంగా మారిన చోట పరుపు వంచి మెల్లగా జార్చారు. అమ్మడు బుడుంగుమని మునిగింది. కాసేపటికి పడవ పక్కనే తేలి, రోశయ్య కూర్చున్న వైపే వచ్చి, తలెత్తి నోరు తెరిచింది.

రోశయ్య మోకాళ్ళ మధ్య కవళ్ళ బకెట్టు ఉంది. ఒకవేళ అవసరమైతే అని తెచ్చుకున్నది.

"పెట్టొద్దు బాబాయ్" అంది భానుశ్రీ మెల్లగా. "పెడితే పడవ కనపడ్డప్పుడల్లా వచ్చేస్తుంది. ఏ వల దగ్గరికో పోతుంది."

అది నోరు తెరుచుకుని ఎదురుచూస్తూనే ఉంది. రోశయ్య బకెట్టు మూత మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఆ ఒక్క చేప పెట్టకపోవడం ఎంత కష్టమైందంటే, పోయిన మిరపంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

"పో! నా మొహమేం చూస్తావు? అంత సముద్రం పెట్టుకోని ఈ ముసలోడి బకెట్టు కోసం వస్తావా, సిగ్గులేదూ? పోవే తల్లీ, పో!" అని అరిచాడు.

అమ్మడు నోరు మూసింది. ఒకసారి పడవ చుట్టూ తిరిగింది. కుంటలో తిరిగినట్టే గుండ్రంగా తిరుగుతుందేమోనని రోశయ్య పడవ అంచు పట్టుకుని వంగి చూశాడు. కానీ ఆ చుట్టు పూర్తి కాలేదు. సగంలో తెగి తిన్నగా సాగిపోయింది. దూరంగా ఒకసారి వీపు లేచింది, ఇంకా దూరంగా మరొకసారి. ఆ తర్వాత వెతికినా కనపడలేదు.

ఒడ్డున చెంచమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తడి ఇసుకలో నిలబడి ఉంది. పడవ దిగగానే అడిగింది.

"వెనక్కి తిరిగి చూసిందా?"

"చూళ్ళేదు" అన్నాడు రోశయ్య. తర్వాత అతని మొహం విప్పారింది. పిల్ల పరీక్ష పాసైన తండ్రిలా చెప్పాడు. "ఒక్కసారి కూడా చూళ్ళేదు చెంచమ్మా! తిన్నగా పోయింది!"

అప్పుడే ఆటో దిగిన కుటుంబం ఒకటి ఇసుకలో పరుగులాంటి నడకతో వచ్చింది. దర్శి నుంచట. సెల్లులో వీడియో చూసి పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరారు. ఆ ఇంటాయన ఆయాసపడుతూ అడిగాడు.

"ఏమండీ, డాల్ఫిన్ రోశయ్య గారంటే మీరేనా? ఎక్కడుంది? పిల్లలు చూడాలంటన్నారు."

రోశయ్య చెయ్యి చాచి సముద్రాన్ని చూపించాడు. వాళ్ళు కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏం కనపడట్లేదండీ" అంది ఆయన భార్య.

"కనపడదమ్మా" అన్నాడు రోశయ్య. "అది ఇప్పుడు బాగుంది."

పిల్లలు అప్పటికే చెప్పులు వదిలేసి నీళ్ళలోకి పరుగెత్తుతున్నారు.